వెనక్కి జరిపిన పేరా

మా మేనేజరు సొరుగులో ఎప్పుడూ ఒక కత్తెర ఉండేది. మాదాపూర్‌లో అద్దాల భవనం, నాలుగో అంతస్తు, కాగితం ముట్టుకోకుండానే రోజు గడిచిపోయే ఆఫీసు మాది. ఆయన మాత్రం మేం రాసిన ప్రతి రిపోర్టునూ ప్రింటు తీయించి, పేరాకు పేరా కత్తిరించి, కాన్ఫరెన్సు గదిలోని పొడుగాటి బల్ల మీద పరిచేవారు. ఆ ముక్కల్ని అటూ ఇటూ జరిపి, "ఇప్పుడు చదువు" అనేవారు. మాటలన్నీ నేను రాసినవే, కానీ చదివితే వేరే రిపోర్టులా ఉండేది. మొదట్లో నాకది చిరాగ్గా ఉండేది. రాత్రంతా కూర్చుని రాసినదాన్ని కళ్లముందే కూరగాయల్లా తరుగుతుంటే ఎవరికి మాత్రం బాగుంటుంది?

తప్పు నాదే. తెనాలి దగ్గరి ఊళ్లో చదువుకుని, ఉద్యోగం కోసం అమ్మానాన్నలతో సహా లింగంపల్లిలో ఒక కాలనీకి అద్దెకు వచ్చినదాన్ని. ఏది చెప్పినా మొదటి నుంచి చెప్పాలని నా అభిప్రాయం. నేను రాసిన మొదటి నెలవారీ రిపోర్టులో అసలు సంగతి ఆరో పేజీలో వచ్చింది. ఆయన అది చదివి నవ్వలేదు, కోప్పడలేదు. "చదివేవాడు మొదటి పేజీ అవగానే లేచి వెళ్లిపోతాడు. అలా అనుకునే రాయి" అన్నారు.

అలా మొదలైంది నా చదువు. పైన ఏం జరిగిందో, మనమేం చేయాలంటున్నామో రెండు మూడు వాక్యాల్లో చెప్పేయాలి. దాని కింద కారణం. ఒక్క కారణమే, నాలుగు రాస్తే ఏదీ నమ్మరు. ఆ తర్వాత ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా చేయాలి. ఇక మిగిలిన పట్టికలు, మెయిళ్లు, ఎవరెవరు ఏమన్నారో ఆ వాంగ్మూలాలు, అన్నీ వెనక అనెక్సర్లలోకి పోవాలి. అనెక్సర్ దేనికని ఒకసారి అడిగాను. ఎవరైనా నిలదీస్తే 'అదుగో, రాశాం కదా' అని చూపించడానికని చెప్పారు. ఆయన అది వెటకారంగా చెప్పలేదు. ఉప్పు ఎంత వేయాలో చెప్పినంత మామూలుగా చెప్పారు.

ఆర్నెల్లు తిరిగేసరికి నా రిపోర్టుల మీద కత్తెర పడటం తగ్గింది. మా విభాగంలో పైకి వెళ్లే కాగితం ఏదైనా ఒకసారి నా చేతుల మీదుగా వెళ్లడం మొదలైంది. గర్వపడలేదంటే అబద్ధం. ఇంట్లో అమ్మ ఏదైనా సాగదీసి చెబుతుంటే "ముందు విషయం చెప్పమ్మా" అని విసుక్కునేదాకా వెళ్లింది ఆ గర్వం.

అవి తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీద ఉన్న రోజులు. వారం మొదలవుతుందంటే బంద్ ఏ రోజో కనుక్కునేవాళ్లం. బంద్ రోజు పోయిన పనిని శనివారం పిలిచి చేయించుకునేది కంపెనీ. క్యాంటీన్లో ఎవరూ ఏమీ అనకుండానే బల్లలు విడిపోయాయి. మా వైపు వాళ్లం ఒక దగ్గర, వాళ్లొక దగ్గర. మధ్యలో తమిళులూ బెంగాలీలూ ఏం జరుగుతోందో తెలియనట్టు తినేవాళ్లు. లిఫ్టులో నేను నోరు విప్పడం మానేశాను. రెండు మాటలు వింటే చాలు, ఎక్కడి దాన్నో తెలిసిపోయేది.

నన్ను రోజూ ఆఫీసుకు తీసుకెళ్లే క్యాబ్ డ్రైవరుది జహీరాబాద్ అవతల ఒక పల్లె. నలభై దాటిన మనిషి. సొంత బండిని మా కంపెనీకి బళ్లు పెట్టే కాంట్రాక్టరు దగ్గర తిప్పుతుండేవాడు. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. నేను ఆలస్యంగా దిగినా హారన్ కొట్టేవాడు కాదు, ఫోన్ చేసి "నిమ్మళంగ రాండ్రి" అనేవాడు. బండి ముందు అద్దం దగ్గర చిన్న కాగితపు జెండా ఉండేది. కంపెనీ గేటు వచ్చేముందు దాన్ని తీసి జేబులో పెట్టుకునేవాడు, సాయంత్రం గేటు దాటగానే మళ్లీ పెట్టేవాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, రాష్ట్రం వస్తే మేమంతా వెళ్లిపోవాలా అని. "మీరెందుకు పోతరు మేడం? మీరు పోతే పొద్దుగాల నేనెవర్ని ఎక్కించుకోవాలె?" అన్నాడు. ఆ మాటతో నాకు కొన్నాళ్లు ధైర్యంగా ఉంది.

ఆ రోజు బంద్. రోడ్ల మీదికి జనం రాకముందే అందర్నీ చేర్చేయాలని పొద్దున ఆరింటికే బండ్లు పంపారు. తొమ్మిదింటికి పైవాళ్లతో నెలవారీ సమీక్ష. రిపోర్టు రాయడమే కాదు, మొదటిసారి నేనే నిలబడి చెప్పాలి. వారం రోజులుగా అద్దం ముందు నిలబడి చెప్పుకుంటున్నాను. తర్వాతి స్టాపులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె ఎక్కింది. లింగంపల్లి స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి క్యాబులన్నీ బారుగా ఆగి ఉన్నాయి. ముందు దారి మూసేశారని, తాము చెప్పేదాకా ఎవరూ కదలొద్దని ట్రాన్స్‌పోర్ట్ డెస్కు నుంచి డ్రైవరుకు ఫోనొచ్చింది.

ముప్పావు గంట కూర్చున్నాం. నా కాళ్లు నిలవడం లేదు. నల్లగండ్ల, తెల్లాపూర్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్దామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అన్నాను.

"మేడం, ఆ దిక్కు వద్దు. తొవ్వ మీదనే పొయ్యిలు పెట్టిన్రంట. జర ఆగుదాం" అన్నాడు.

"డెస్కుకి నేను చెప్తాను అన్నా. మీ మీదికి మాట రానివ్వను" అన్నాను.

ఆయన అద్దంలోంచి నన్ను ఒకసారి చూసి బండి తిప్పాడు. నేను డెస్కుకు ఫోన్ చేశాను. లైను బిజీగా ఉంది. మళ్లీ చేయలేదు. ఒళ్లో లాప్‌టాప్ తెరుచుకుని నా స్లైడ్లు చూసుకుంటూ ఉండిపోయాను.

తెల్లాపూర్ చేరకముందే రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, వాటి వెనక మూడు రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు కనిపించాయి. వంటావార్పు చేస్తున్నారు. నడిరోడ్డు మీదే వండి, అక్కడే బంతులు వేసి తినడం ఆ రోజుల్లో నిరసన. ఆడవాళ్లు బియ్యం కడుగుతున్నారు. కుర్రాళ్లు కొందరు బండిని చుట్టుముట్టి అద్దం మీది కంపెనీ స్టిక్కరు చదివారు. ఒకడు బానెట్ మీద చరిచి, బంద్ రోజు పనికి పోయేది ఎవరని అడిగాడు. కొత్తమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేను లాప్‌టాప్ మూసి సీటు కిందికి తోశాను.

డ్రైవరు బండి ఆపేసి దిగాడు. వాళ్లలో పెద్దాయన దగ్గరికి వెళ్లి ఊరి పేరు చెప్పాడు. ఆ ఊరు, ఈ ఊరు అనుకుంటూ ఎక్కడో చుట్టరికం కలుపుకున్నారు. ఆయన తిరిగొచ్చి మా కిటికీ దగ్గర వంగాడు.

"దిగుండ్రి మేడం. రెండు ముద్దలు తింటే పంపిస్తమంటున్రు. ఫికర్ చెయ్యకుండ్రి, నేను పక్కనే కూసుంట."

దిగి బంతిలో కూర్చున్నాం. ఆయన మాకూ కుర్రాళ్లకూ మధ్యలో కూర్చున్నాడు. విస్తరాకులో వేడన్నం, పప్పుచారు, టమాట తొక్కు వేశారు. నిజం చెప్పాలంటే ఆకలి మీదున్నాను, అన్నం చాలా బాగుంది, రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు. వడ్డించే ఆమె నన్ను ఏ ఊరమ్మా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన, "మా దిక్కే వదినా" అన్నాడు. ఆ రోజు మొత్తం మీద ఎవరైనా ఆడిన అబద్ధం అదొక్కటే. అది నా కోసం ఆడాడు.

రాళ్లు జరిపి మమ్మల్ని పంపించారు. కానీ కిలోమీటరు దాటామో లేదో ఒక మలుపులో వేరే గుంపు ఎదురైంది. వాళ్లు ఆపమనలేదు, అడగలేదు. వెనక అద్దం పగిలిన చప్పుడు విన్నాను. కొత్తమ్మాయి మోచేతి పైన గాజుపెంకు దిగి రక్తం కారుతోంది. డ్రైవరు ఆపకుండా ఒక చేత్తోనే మెడలోని తువ్వాలు తీసి నాకిచ్చి కట్టమన్నాడు. గోపనపల్లి మీదుగా సందులన్నీ తిప్పి గచ్చిబౌలిలో ఆస్పత్రికి చేర్చాడు. ఆ పిల్లకు కుట్లు పడ్డాయి. నేను పదిన్నరకు ఆఫీసు చేరాను. బంద్ అని సమీక్షను ఇంకో రోజుకు వాయిదా వేశారట. పొద్దున ఏడింటికే మెయిల్ వచ్చింది, నేను చూసుకోలేదు.

మర్నాడు ఆ అమ్మాయి తండ్రి ఆఫీసుకు వచ్చి గొడవ చేశారు. సాయంత్రంలోగా జరిగినదాని మీద రిపోర్టు కావాలని పైనుంచి కబురు వచ్చింది. మేనేజరు నన్ను పిలిచి రాయమన్నారు. బండిలో ఉన్నదాన్ని నేనే కదా, నేనెలా రాస్తానని అన్నాను.

"నువ్వు రాయకపోతే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు రాస్తారు. వాళ్లు రాస్తే మొదటి లైన్లో నువ్వుంటావు. వచ్చే నెల నీ కన్ఫర్మేషన్ ఉంది, ఉద్యోగం పర్మనెంటు కావాలి" అన్నారు.

కూర్చుని రాశాను. నేర్చుకున్నదంతా ఎటు పోయిందో, పాత అలవాటు కొద్దీ ఆరింటి నుంచి మొదలుపెట్టి ఉన్నది ఉన్నట్టు ఐదు పేజీలు రాశాను. దారి మార్చమని రెండుసార్లు నేనే అడిగానని రాశాను. డ్రైవరు వద్దన్నాడని, ఆయన కలిసి కూర్చుని తినబట్టే వాళ్లు మమ్మల్ని వదిలారని రాశాను. మేనేజరు అది చదివి, "ఇది ఉత్తరం" అన్నారు. సొరుగు తెరిచి కత్తెర తీశారు.

ఆ బల్ల దగ్గర మేమిద్దరం గంటసేపు నిలబడ్డాం. ఉద్యోగికి గాయమైంది, కాబట్టి అది పైకి వెళ్లింది. దాని కింద కారణం. అనుమతించిన దారి వదిలి, డెస్కు చెప్పినా ఆగకుండా వాహనం వేరే దారిలో వెళ్లింది. ఇందులో తప్పు లేదు, అలాగే జరిగింది. దాని కింద రుజువులు. డ్రైవరు వాహనం దిగి ఆందోళనకారులతో మాట్లాడాడు, వాళ్లతో కలిసి భోజనం చేశాడు, వాళ్లలో ఒకరితో ఆయనకు చుట్టరికం ఉంది. ఆ ముక్కను అక్కడ పెట్టింది నేనే. ఆయన సమయస్ఫూర్తి మొదటి పేజీలోనే కనపడాలని పెట్టాను, ఒట్టు. పైన ఏ వాక్యం ఉందో చూసుకోలేదు. ఆయనకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

చివరికి బల్ల మీద ఒక ముక్క మిగిలింది. 'ప్రయాణికురాలి కోరిక మీద' అని మొదలయ్యే పేరా. మేనేజరు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "ఇదెక్కడ పెడదాం?" అని నన్నడిగారు.

ఆయన జరపలేదు. ఈ సంగతి నేను చాలామందికి చెప్పినప్పుడు ఆయనే జరిపినట్టు చెప్పాను. నిజానికి ఆయన అడిగి ఊరుకున్నారు. నేను ఆ ముక్క తీసుకుని, బల్ల చివరిదాకా నడిచి, మూడో అనెక్సర్ కింద పెట్టాను. ఆస్పత్రి కాగితాలకూ, బండి ఏ రోజు ఎక్కడ తిరిగిందో చెప్పే పట్టికకూ మధ్యలో. అక్కడ ఎవరూ చదవరని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ భవనంలో ఇంకొకరు లేరు.

ఏం చేయాలి అనే భాగం ఖాళీగా ఉంచకూడదు. డ్రైవరుపై కాంట్రాక్టరు తగిన చర్య తీసుకోవాలని రాశాను. మందలిస్తారులే అనుకున్నాను. రిపోర్టు మొత్తం నాలుగుసార్లు చదివాను, ఒక్క అబద్ధం లేదు. మేనేజరు మొదటిసారి కలం తీయకుండా చదివి, ఒక్క మాట కూడా మార్చక్కర్లేదన్నారు. ఆ మాట కోసం నేను ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. సంతోషించాను. ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా అసహ్యం కలిగించేది ఆ సంతోషమే.

తగిన చర్య అంటే మందలింపు కాదు. ఆందోళనకారులతో సంబంధాలున్న డ్రైవరు కావాలనే బండిని వాళ్ల మధ్యకు తీసుకెళ్లాడని పైవాళ్లు చదువుకున్నారు. అలా అర్థమయ్యేటట్టు పేర్చి ఇచ్చింది నేను. ఆయన గేటు పాసు రద్దు చేశారు. అంతటితో ఆగలేదు. అక్కడి కంపెనీల ట్రాన్స్‌పోర్ట్ వాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. మొదటి పేజీ ఒకరి నుంచి ఒకరికి వెళ్లింది. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ గేటు లోపలికీ ఆయన బండిని రానివ్వలేదు.

పదిరోజుల తర్వాత సాయంత్రం గేటు బయట నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"మీ మీద నాకేం లేదు మేడం. ఒక్క ముచ్చట అడుగుదామని వచ్చిన. తెల్లాపూర్ దిక్కు పొమ్మన్నది మీరని రాసిన్రా, లేదా?"

"రాశాను అన్నా."

"గట్లనా? నాకు ఒక్కటే కాయితం చూపెట్టిన్రు. అండ్ల లేదు."

వెనక ఉంటుందని, మూడో అనెక్సర్లో చూడమనండని చెప్పాను. ఆయన ముఖం ఒక్కసారిగా తేలికపడింది. రాసి ఉంటే ఇంక పరేషాన్ ఎందుకు, చూపెట్టమని అడుగుతానన్నాడు. మూడో అనెక్సర్, మూడో అనెక్సర్ అని రెండుసార్లు పైకి అనుకుని గుర్తుపెట్టుకున్నాడు. వెళ్తూ ఆ పిల్ల చెయ్యి ఎట్లుందని అడిగాడు. మానుతోందని చెప్పాను.

ఆ తర్వాత ఆయన ఎక్కడికి వెళ్లి అడిగినా ఒకటే జవాబని విన్నాను. అది కంపెనీ లోపలి కాగితం, డ్రైవర్లకు చూపించరు. ఒకరోజు ధైర్యం చేసి మేనేజరు దగ్గరికి వెళ్లాను, ఆ పేజీ ఒక్కటి కాంట్రాక్టరుకు పంపుదామా అని. "పంపొచ్చు. కానీ అందులో ఉన్నది నువ్వు. ఆలోచించుకో" అన్నారు. ఆలోచించుకున్నాను. నాన్న రిటైరయ్యారు, కాలనీలో మా వైపు వాళ్లు ఇళ్లు ఖాళీ చేసి వెళ్తున్నారు, ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఎక్కడ వెతుక్కోవాలి, ఇలా చాలా కారణాలు రాసుకున్నాను మనసులో. నాలుగు రాస్తే ఏదీ నమ్మరని నేర్చుకున్నదాన్నే. నాలుగూ నమ్మాను. కన్ఫర్మేషన్ వచ్చింది.

రాష్ట్రం కూడా వచ్చింది. ఎవరూ మమ్మల్ని వెళ్లమనలేదు. డ్రైవరు చెప్పినట్టే అయింది. నేనిప్పుడు ఇంకో కంపెనీలో కొత్తగా చేరినవాళ్లకు రిపోర్టు ఎలా పేర్చాలో నేర్పుతుంటాను. బాగా నేర్పుతానని పేరుంది. అసలు సంగతి ముందు, కారణం తర్వాత, మిగతాదంతా వెనక అని చెబుతాను. నాకు నేర్పినట్టే చెబుతాను, ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు.

కానీ చెప్పాల్సింది అది కాదు. కన్ఫర్మేషన్ కాగితం వచ్చిన వారానికి, పగలు పదకొండు గంటలప్పుడు నా డెస్కు ఫోన్ మోగింది. గచ్చిబౌలిలో ఇంకో కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ చూసే ఆయన. మర్యాదగా మాట్లాడారు. ఒక డ్రైవరు పని కోసం తమ దగ్గరికి వచ్చాడని, మనిషి నెమ్మదస్తుడిలా ఉన్నాడని, కానీ అతని మీద మా కంపెనీ కాగితం ఒకటి ఉందని చెప్పారు. దారి మార్చమన్నది ప్రయాణికురాలేనని, ఆమె అది రాసి కూడా పెట్టిందని అతను అంటున్నాడట. నా నంబరు ఎలాగో కనుక్కున్నారు.

"ఆ ప్రయాణికురాలు మీరేనటగా అండీ. మాకు కాగితాలేమీ అక్కర్లేదు. అవునని మీరొక మాటంటే చాలు, రేపట్నుంచి ఎక్కించుకుంటాం" అన్నారు.

ఆయన నా జవాబు కోసం ఆగారు. ఆ ఖాళీలో వెనక నుంచి డ్రైవరు గొంతు వినిపించింది. "మేడమేనా సార్? అడుగుండ్రి. మేడం చెప్తది."

నా చుట్టూ ఎవరూ లేరు. మేనేజరు గదిలో లేరు. ఒక్క మాట, ఎక్కడా రాసి ఉండని మాట, ఎవరికీ తెలియని మాట. నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది: "రిపోర్టులో అన్నీ ఉన్నాయండి. నేను విడిగా ఏమీ చెప్పకూడదు."

ఆయన సరేనండి అన్నారు. రిసీవరు పెట్టేస్తుంటే అవతల మళ్లీ ఆ గొంతే వినిపించింది.

"చెప్పిందా సార్?"